మిల్లు గొట్టం మీద శంఖం

మా చిన్నప్పుడు సింగానల్లూరులో జొన్నచేను గట్టు మీద నిలబడితే, చేను అయిపోయిన చోటే మిల్లు గోడ మొదలయ్యేది... కంకుల మీద పిచ్చుకలు, వాటి వెనకే ఎర్ర ఇటుకల పొగగొట్టం. పత్తి నూగు గాలిలో ఎగిరొచ్చి మా తలల మీద వాలేది.

షిఫ్టు మారేటప్పుడు మిల్లు కూసేది. ఆ కూతను మేము సంగు అనేవాళ్ళం. గుడిలో ఊదే శంఖానికీ మా ఇళ్ళల్లో అదే మాట. సంగు వినపడగానే అమ్మకి అన్నం తీసుకుని మిల్లు గేటు దగ్గరికి పరుగెత్తేదాన్ని...

ఇవన్నీ పందొమ్మిదేళ్ళ నా కూతురు మంజు అడిగితేనే చెప్పాను. అదీ సరిగ్గా చెప్పలేదు. నీళ్ళ రంగులతో నా చిన్ననాటి ఊరు వేస్తానని కూర్చుంది. అప్పటికే మిల్లూ లేదు, చేనూ లేదు. దానికి నా నోటి మాటే దిక్కు.

“అమ్మా, సంగు యాడ ఉండె?”

“గొట్టం పక్కన, పైన ఉండె. పో కన్నూ, నాకి పని ఉండాది.”

సాయంత్రం బొమ్మ తెచ్చింది. చేను నారింజ రంగు, చెట్లు నీలం, పొగ ఊదా... గొట్టం కొనన ఇంత పెద్ద తెల్లటి శంఖం!

పగలబడి నవ్వాను. నవ్వి ఊరుకున్నానా... పక్కింటి కమలక్కను కూడా పిలిచి చూపించాను.

“ఏం పాపా, మీ అమ్మ చెప్పిన మిల్లులో పూజారి ఉండెనా?” అంది ఆవిడ.

మంజు ముఖం చిన్నబోయింది. “నీవే కదమ్మా సంగంటివి” అని తడిగుడ్డతో శంఖాన్ని తుడిచేసింది. చుట్టూ ఉన్న ఊదా రంగు పాకి, అక్కడ మరక మిగిలింది.

తప్పు దానిదా? సైరన్ అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. రెండు నిమిషాలు దాని పక్కన కూర్చుంటే నా సొమ్మేం పోయేది?

ఆ ఏడే జ్వరం వచ్చి మంజు పోయింది. దానికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు...

మొన్న బొమ్మకు ఫ్రేము కట్టిద్దామని మా తమ్ముడితో పీలమేడు వెళ్ళాను. “అక్కా, ఈ మరక మీద రెండు మేఘాలు వేసేస్తే తెలీదు” అన్నాడు అంగడాయన. “వేయించేద్దామక్కా, నీటుగా ఉంటాది” అన్నాడు తమ్ముడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. “ఒకతూరి నేను తుడిపిస్తిని, అది చాలదా? ఇంక దానిమింద ఎవురూ చెయ్యి పెట్టొద్దు!” అని అందరి ముందూ అరిచాను.

మరకతోనే ఫ్రేము కట్టించి తెచ్చాను. అయినా కోపం తగ్గలేదు... అది తమ్ముడి మీదది కాదు, నా మీదే.

ఇప్పుడు మిల్లున్న చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆ ఊరి గురించి ఎంతసేపైనా చెప్పేంత తీరిక నాకుంది... అడిగే పిల్లే లేదు.

మీలో మిల్లు పక్కన పెరిగినవాళ్ళుంటే రాయండి. కానీ ముందు మీ ఇంట్లో పిల్లల పక్కన కూర్చుని చెప్పండి... ఆ తర్వాతే నాకు.