సాలగ్రామాలకు ఎక్స్‌రే

ఆ రోజుల్లో నాకు చేతికి కొత్తగా ఏ పని వచ్చినా, లోకంలోని సందేహాలన్నీ దానితోనే తీరిపోతాయనిపించేది. పటమటలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరిన కొత్త. ఒక పెళ్లి భోజనాల్లో గొప్పకు పోయి, సాలగ్రామమంటే కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు జీవి రాయిగా మారిన శిలాజమనీ, ఎక్స్‌రే తీస్తే అసలుదో నకిలీదో తేలిపోతుందనీ చెప్పాను. ఎదురు బంతిలో అమ్మమ్మా, చిన్నమ్మమ్మా ఉన్నారని చూసుకోలేదు.

ఆ అక్కచెల్లెళ్ల మధ్య ఏళ్లుగా మాటల్లేవు. వాళ్ల నాన్నగారి పూజలో రెండు సాలగ్రామాలుండేవి. ఒకటి తాతల నాటిది, రెండోది ఎవరో తెచ్చి అంటగట్టింది. ఆయన పోయాక చెరొకటీ తెచ్చుకుని, నాది అసలుదంటే నాది అసలుదని మూతులు ముడుచుకున్నారు. పెళ్లయిన వారానికే పామర్రు నుంచి అమ్మమ్మ, ఉయ్యూరు నుంచి చిన్నమ్మమ్మ, పట్టుగుడ్డల్లో దేవుళ్లను చుట్టుకుని మా సెంటర్లో దిగారు.

కంప్యూటర్ పేరూ వయసూ లేనిదే కదలదు.

“వయసెంత వెయ్యమంటావు అమ్మమ్మా?”

“దేవుడికి వయసేవిట్రా, నీ తలకాయ.”

తొంభై తొమ్మిది వేశాను (శరీరభాగం అడిగితే ఛాతీ అన్నాను).

అమ్మమ్మ రాయిలో శంఖంలా మెలితిరిగిన చుట్లు చక్కగా కనబడ్డాయి. చిన్నమ్మమ్మ రాయిలో ఉన్నవి గాలిబుడగలు. సిమెంటులాంటిదేదో అచ్చుపోసిన సరుకు. చెబితే ఈ జన్మకిక కలవరనిపించింది. కానీ ఇద్దరూ నా భుజాల మీదుగా తెరలోకే చూస్తున్నారు. చెప్పేశాను.

చిన్నమ్మమ్మ కళ్లు తుడుచుకుంది. “ఇన్నాళ్లూ సిమెంటుకా నేను నైవేద్యం పెట్టింది?”

గెలిచిన అమ్మమ్మ మొహంలో గెలుపు లేదు. “ఊరుకోవే. నువ్వు మడి కట్టుకుని వండిన పాయసం తిన్నవాడు దొంగ దేవుడెట్లా అవుతాడు?” అంటూ తన రాయిని చెల్లెలి సంచిలో పెట్టేసింది.

“మరి నీకో?”

“నీ ఇంటికొచ్చి చూసుకుంటాలే. రానిస్తావుగా?”

ఇద్దరూ ఒకే బస్సెక్కారు. నాలుగోనాడు తాతయ్య పామర్రు నుంచి ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా అడిగారు. “ఏరా, రాయితోపాటు మీ అమ్మమ్మను కూడా అడ్మిట్ చేసుకున్నారా?”

ఆవిడ ఉయ్యూరులో దిగి, అప్పటికింకా అక్కడే ఉంది. ఇప్పుడా అక్కచెల్లెళ్లిద్దరూ లేరు. ఆ వేళ తెర ముందు చెమటలు పట్టి నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి చూపంతా రాళ్ల మీదే. వెనకే ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డ ఇద్దరి వంకా ఒక్కసారి తిరిగి చూసుకున్నాడు కాదు.