బెల్లం, పంచదార, పొయ్యి గది

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంట్లో పెంపుడు జంతువుకి చోటుండదు. పిల్లిని పెంచితే నెయ్యి దక్కదు, కుక్కని పెంచితే రేకుల నిండా వెంట్రుకలే. అందుకే వెంకటదుర్గకి యాభై ఏళ్లొచ్చినా దేన్నీ పెంచుకోలేదు. పిల్లలూ లేరు. ఎవరైనా ఆ సంగతి కదిపితే, "కుండ ముందు కూర్చుంటే ఏదీ గుర్తుండదండీ" అని మాట దాటేసేది. గుర్తుండేది, పైకి చెప్పేది కాదు.

రెండు వేల రెండులో భర్త చిట్టియ్య కొబ్బరికాయల పని మీద రాజమండ్రి వెళ్లి, పక్షులమ్మే కొట్లో ముచ్చటపడి ఒక జత గినీ పిగ్స్‌ని అట్టపెట్టెలో పెట్టుకొచ్చాడు. తోక లేదు, మెడ లేదు, చెంబంత ఒళ్లు. "ఇవి గడ్డే తింటాయి, నీ నెయ్యి జోలికి రావు" అన్నాడు. దుర్గ మూతి విరిచింది. అలా విరిచిన మనిషే, వారం తిరిగేసరికి గోధుమరంగుదానికి బెల్లమనీ తెల్లదానికి పంచదారనీ పేర్లు పెట్టి, కాలవగట్టు మీద గరిక కోసుకొచ్చి దగ్గర కూర్చుని తినిపించడం మొదలెట్టింది.

పెరట్లో జామచెట్టు కింద వాటి చెక్కగూడు. చలికాలం మంచు పడుతుంటే వణికిపోతున్నాయని, సాయంత్రానికల్లా పొయ్యి గదిలోకి తెచ్చి ఓ మూల గంప కింద పెట్టేది. వెచ్చగా పడుకుని రెండూ బొద్దుగా తయారయ్యాయి. దాంతో వాటికి ఆ గదిని మించిన చోటు భూమ్మీద లేదని దుర్గకి నమ్మకం కుదిరిపోయింది. ఆమె నమ్మకాన్ని కదపడం చిట్టియ్య తరం కాదు, మన తరమూ కాదు.

మరుసటి ఏడాది రోహిణీ కార్తెలో వడగాలి మొదలైంది. "పాపం, బయట మాడిపోతాయి" అనుకుని, పొద్దున్నే రెండింటినీ లోపలికి తెచ్చి అలవాటైన మూలే పెట్టి, పనిలో కూర్చుంది. రేకులు తీసే గదిలో ఫ్యాను వెయ్యరు, కిటికీ తెరవరు. ఉల్లిపొర లాంటి రేకు గాలికి నిలవదు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మండుతోంది. దుర్గ గుడ్డని బియ్యప్పిండి నీళ్లలో ముంచి కుండ మీద లాగుతోంది, రేకు తీస్తోంది, మళ్లీ ముంచుతోంది.

మధ్యాహ్నం గరిక వెయ్యబోతే పంచదార లేవలేదు. కాళ్లు చాపేసి, నోరు తెరుచుకుని, గడ్డమంతా చొంగతో ఎగఊపిరి తీస్తోంది. బెల్లం గోడకి నక్కి రొప్పుతోంది. దుర్గ గరిక అక్కడే పారేసి చిట్టియ్యని కేకేసింది. ఇవి పోతే ఈ ఇంట్లో మళ్లీ తనకోసం ఎదురుచూసే ప్రాణి ఉండదని ఆమెకి తెలుసు.

చిట్టియ్య సైకిలేసుకుని వెళ్లి పశువులాసుపత్రి కాంపౌండరు పల్లంరాజుని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన పొయ్యి గది గడపలో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"దుర్గమ్మగారూ, ముందు వీటిని బయటికి తెండి."

"బయట వడగాలండి."

"లోపల కొలిమిలా ఉందండి."

"నాకేం వేడిగా లేదే?" దుర్గ నిజంగానే ఆశ్చర్యపోయింది.

ఉత్తరం గోడ నీడలో తడిగుడ్డ పరిచి పడుకోబెట్టారు. ఐసు వద్దని చెప్పి, పల్లంరాజు చెవులూ పాదాలూ తడిపి చూపించాడు. దుర్గ నేల మీద కూలబడి, వేలితో నీటిచుక్కలు అందిస్తూ, కోరుకొండ నరసింహస్వామికి మెట్లన్నీ నడిచి ఎక్కుతానని మొక్కుకుంది. గంట గడిచింది. పంచదార తలెత్తింది. గరికపోచ మూతి దగ్గర పెడితే వాసన చూసింది, కొరికింది, కుయ్యిమంది. "హమ్మయ్య" అని దుర్గ చెంగులో మొహం దాచుకుని ఏడ్చేసింది.

కాసేపటికి పొయ్యి ఆర్పడానికి లేచింది. రోజూ ఇరవైసార్లు దాటే గడపే. ఇవాళ పంచదారకి ఎలా ఉండుంటుందో అనుకుంటూ దాటింది. వేడి ఛెళ్లున మొహానికి కొట్టింది. అక్కడే నిలబడిపోయింది.

"ఏవండీ, ముప్ఫై ఏళ్ల నుంచీ నేను ఇందులోనా కూర్చుంటున్నాను?"

చిట్టియ్య ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. "నువ్వెప్పుడూ అనలేదు కదా దుర్గా."

"నాకు తెలిస్తే కదండీ. నాకూ బయటే చోటు చూడండి."

వారంలోగా ఉత్తరం గోడకి ఆనించి తాటాకు పాక వేయించి, రేకు ఎగరకుండా నడుమెత్తు దడి కట్టించాడు. పొయ్యి అక్కడికి మారింది. ఖాళీ అయిన గదిలో కిటికీ తెరిచి, ఎండవేళ బెల్లాన్నీ పంచదారనీ పెట్టారు. తొలిరోజు మధ్యాహ్నం దాకా రేకులు తీసి, దుర్గ అలవాటుగా మొహం తుడుచుకోబోయింది. తుడవడానికి పెద్దగా చెమట లేదు. చెంగు చేతిలో పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక, హాయిగా కాసేపు కూర్చుంది.