అత్తమ్మను దవాఖానలో మరిచిన శైలజ

శైలజకు నలభై ఆరేళ్లు. యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. భర్త బాలరాజు సిటీ బస్సు డ్రైవరు. తార్నాకలో అద్దె ఇల్లు. అత్త లింగమ్మ వాళ్ల దగ్గరే ఉంటుంది.

రెండేళ్లుగా శైలజకు మతిమరుపు ఎక్కువైంది. కుక్కర్లో బియ్యం పోసి, నీళ్లు పోయకుండా మూత పెట్టేసేది. ఒకసారి బీరువా తాళంచెవి ఫ్రిజ్‌లో కూరగాయల కింద దొరికింది. ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వి ఊరుకునేది.

మొన్న జూన్‌లో లింగమ్మను నల్లకుంటలో కంటి దవాఖానకు తీసుకెళ్లింది. అంతకుముందు ఎడమకంటికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు కుడికంటిని చూడాలన్నారు. నర్సు చుక్కల మందు వేసి, గంటసేపు కళ్లు మూసుకొని కూర్చోమంది. అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆ రోజు ఒక పీహెచ్‌డీ స్కాలర్‌కు వైవా పరీక్ష ఉంది, బయటి నుంచి ప్రొఫెసరు వచ్చేశారు, ఫైలున్న బీరువా తాళం చూస్తే శైలజ బ్యాగులో ఉంది.

"అత్తమ్మా, గీడనే కూసో. తాళం ఇచ్చి ఇప్పుడే వస్త" అని చెప్పి ఆటో ఎక్కింది.

తాళం ఇచ్చాక ఎవరో టీలు పంపించమన్నారు. ఇంకెవరో సంతకాల కాగితాలు అడిగారు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఆ పనిలో పడింది. వైవా ముగిశాక రోజూ వెళ్లినట్టే తార్నాక వెళ్లి, ఇంటి తలుపు తీసింది. మంచం మీద లింగమ్మ లేదు. అప్పుడు గుర్తొచ్చింది. గడప మీదే కూర్చుండిపోయింది.

ఫోన్ తీసి చూస్తే ఆడబిడ్డ రజిని చేసిన కాల్స్ వరుసగా ఉన్నాయి. లింగమ్మకు నోటికి వచ్చిన నంబరు ఒక్కటే, కూతురిది. నర్సు ఆ నంబరుకు ఫోన్ చేయించింది. శైలజ దవాఖాన చేరేసరికి గోల్నాక నుంచి రజిని వచ్చి, తల్లి పక్కన కూర్చుని ఉంది.

"ఇష్టం లేకుంటే చెప్తే అయిపోతుండె గద వదినా. మేమే తోల్కపోతుంటిమి" అంది రజిని.

"మర్శిపోయిన రజినీ."

"తాళం మర్శిపోతరు. మనిషిని ఎట్ల మర్శిపోతరు?"

లింగమ్మ చుక్కల మందుతో మసకబారిన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని, "ముందుగాల దాన్ని కూసోనియ్" అంది. ఆ సాయంత్రం రజిని తల్లిని గోల్నాక తీసుకుపోయింది. శైలజ వద్దనలేకపోయింది.

ఆ తర్వాత శైలజకు నవ్వు రాలేదు. వాళ్ల పెద్దమ్మ చివరి రోజుల్లో కన్నపిల్లల్నే గుర్తుపట్టలేదు. తనకూ అదే మొదలైందేమోనని భయం పట్టుకుంది. ఆ మాట బాలరాజుతో చెప్పింది. అతను సెలవు పెట్టి, హబ్సిగూడలో విశాలాక్షి అనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఎన్నింటికి పడుకుంటారు?" అని అడిగింది డాక్టరు.

"పన్నెండు దాటుతది మేడం. నాలుగున్నరకు లేస్త. ఆయనకు ఫస్ట్ డ్యూటీ."

"పన్నెండు దాకా పనే ఉంటుందా?"

శైలజ "లేదు మేడం. ఫోన్ చూస్త" అంది.

రక్తపరీక్షలో బీ ట్వెల్వ్ విటమిన్ బాగా తక్కువని తేలింది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, "మీరు భయపడే జబ్బు కనబడటం లేదండీ. ఫోన్లో మాట్లాడుతూ తాళం ఎక్కడో పెట్టేశారనుకోండి, ఆ సంగతి మీ బుర్రలోకి వెళ్లనేలేదు. వెళ్లనిది గుర్తెలా వస్తుంది? పెట్టేటప్పుడు చూసి, పైకి ఒకసారి అనుకోండి. ముందు నిద్రపోండి" అని చెప్పింది.

ఫోన్‌ను వంటింట్లో ఛార్జింగ్‌కు పెట్టి, తొమ్మిదిన్నరకే పడుకోవడం శైలజకు కష్టమైంది. వారం దాకా ఊరికే దొర్లింది. పైకి అనుకోవడం ఇంకా కష్టం. ఆఫీసులో ఒకరోజు సూపరింటెండెంట్ సుందరరావు తల ఎత్తి, "ఎవరితో మాట్లాడుతున్నారమ్మా?" అన్నాడు.

"నాతోనే సర్. ఫైలు ఎడమ అరల పెట్టిన అని చెప్పుకుంటున్న."

ఆయన ఒక క్షణం చూసి, మళ్లీ తన పనిలో పడ్డాడు.

పేర్లకు ఆమె ఇంకో దారి వెతుక్కుంది. కొత్తగా చేరిన స్కాలర్ పేరు ఇన్నయ్య. శైలజ మేనమామ పేరూ అదే. ఆ పిల్లాడి తలకు మేనమామ రుమాలు చుట్టినట్టు ఊహించుకుంది. మళ్లీ ఆ పేరు మరిచిపోలేదు. సాయంత్రం క్యాంపస్ చెట్ల కింద నుంచి తార్నాక దాకా నడుస్తూ, పొద్దున్నుంచి ఏమేం చేసిందో వెనక్కి గుర్తు చేసుకునేది. మొదట్లో మధ్యాహ్నం దగ్గరే ఆగిపోయేది. రానురాను పొద్దుటి టిఫిన్ దాకా వెళ్లగలిగింది. ఇంత చేసినా ఒకరోజు స్టవ్ మీద పాలు మాడిపోయాయి. ఆ రోజు ఏడ్చింది. మర్నాడు మళ్లీ మొదలుపెట్టింది.

శ్రావణంలో గోల్నాక వెళ్లి అత్త పక్కన కూర్చుంది. "తప్పయింది అత్తమ్మా. డాక్టర్‌కు చూపించుకున్న. ఇప్పుడు జర నయం" అంది.

లింగమ్మ కూతురి వైపు తిరిగి, "నన్ను వదిలించుకోవాలనుకున్నది కంటి దవాఖానకు ఎందుకు తోల్కపోతది? కండ్లు మంచిగైతే తొవ్వ పట్టుకొని నేనే ఇంటికి వస్త గద" అంది. రజినికి వద్దనుకున్నా నవ్వొచ్చింది. లోపలికి వెళ్లి, వదినకు టీ తెచ్చింది.

కుడికంటి ఆపరేషన్‌కు ముగ్గురూ కలిసి వెళ్లారు. ముందురోజే శైలజ సెలవు రాసి, బీరువా తాళం సుందరరావుకు ఇచ్చింది. కట్టు విప్పాక లింగమ్మ తార్నాకకే వస్తానంది. రజిని ఆమె బట్టలు సర్ది ఇచ్చింది.

శైలజ ఇప్పటికీ మార్కెట్ నుంచి కరివేపాకు లేకుండానే వస్తూ ఉంటుంది. గుర్తొచ్చినప్పుడు తనను తాను తిట్టుకోకుండా, చెప్పులు వేసుకొని మళ్లీ వెళ్లి తెస్తుంది.