మా అన్నయ్య పడేసిన బండి

ఏదైనా వస్తువు కొనేముందు కొందరు తిప్పి చూస్తారు, కొందరు గీకి చూస్తారు, కొందరు బేరమాడి చూస్తారు. మా అన్నయ్య పడేసి చూస్తాడు. గ్లాసైనా, గొడుగైనా, గోడ గడియారమైనా ముందు ఆయన చేతిలోంచి జారి నేలను తాకాల్సిందే. లేచాక ప్రాణముంటే కొంటాడు. లేకపోతే దాని ఖరీదు కట్టేసి, "ఇంటికెళ్ళాక పోయేది ఇక్కడే పోయింది, మన మంచికే" అంటూ బయటికొస్తాడు.

మా వీధి చివర సామాన్ల కొట్టాయన అన్నయ్యను దూరం నుంచి చూడగానే గాజు సీసాలన్నీ పై అరలోకి ఎక్కించేవాడు. ఓసారి నేను దిండు కొనుక్కోవాలని తోడు తీసుకెళ్ళాను. దిండునూ పడేశాడు.

"ఇదేం విరుగుతుంది అన్నయ్యా?"

"విరగదని నీకెలా తెలుసు? పడేశావా?"

ఇంతకీ ఆయన చేసేది కళ్ళజోళ్ళ వ్యాపారం. మరొకరైతే ఆ వ్యాపారంలో ఉంటూ ఈ అలవాటు పెట్టుకునేవారు కాదు. మా అన్నయ్య కొత్త కళ్ళజోడును మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసి, కొనేవాళ్ళ కళ్ళెదురుగానే టప్పున నేలమీద వదిలేసేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు గుండె పట్టుకునేవారు. పాతవాళ్ళు పక్కకి జరిగి చోటిచ్చేవారు.

"అయ్యో, అదేంటండీ!"

"మీరు పడేయకుండా వాడతారా?"

"వాడతాం!"

"అయితే మీకు కళ్ళజోడు అక్కర్లేదు, కళ్ళు బాగానే ఉన్నాయి" అని నవ్వి, పడినదాన్ని తీసి మరలు బిగించి, ముక్కుమీద పెట్టి పంపేవాడు.

ఇలాంటి మనిషి మా అమ్మాయికి మోటార్ సైకిల్ కొనడానికి తోడొస్తానన్నాడు.

అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు నిండి లైసెన్సు చేతికొచ్చింది. నర్సింగ్ కాలేజీలో సీటూ వచ్చింది. ఆ కాలేజీవాళ్ళు పొద్దున్నే ఆసుపత్రి వార్డులో హాజరు వేస్తారు. మొదటి బస్సు అప్పటికి ఇంకా డిపోలో కడిగించుకుంటూ ఉంటుంది. బండి లేకపోతే సీటు వదులుకోవడమే. స్కూటర్ అంటే దానికి ఇష్టం లేదు. "చిన్న మోటార్ సైకిలైనా చాలు నాన్నా" అంది.

ఇక్కడ మా ఆయన గురించి కొంచెం చెప్పాలి. ఆయనకు వస్తువులంటే ప్రాణం. మా ఇంట్లో టీవీ రిమోటు ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది. ఆ తొడుగు పాడవుతుందని దానిమీద ఇంకో తొడుగు. సోఫా కొని చాలా కాలమైంది, దాని అసలు రంగేమిటో నాకింకా తెలియదు. టీ కప్పు మీద చిన్న బీట పడితే, ఎవరు, ఎప్పుడు, ఎలా అని భోజనాల బల్ల దగ్గర విచారణ జరుగుతుంది. గట్టిగా అరవడు. నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు కంటే రెండు దెబ్బలు నయం అంటుంది మా అమ్మాయి.

"బండి చూడటానికి బావగారెందుకు?" అన్నాడు ఆయన నాతో, గొంతు తగ్గించి.

"మేనమామ కదండీ."

"మేనమామ సంగతి సరే. బండిని కూడా పడేస్తాడేమోనని నా భయం."

"ఛ, అంత పెద్దదాన్ని పడేస్తాడా ఏంటి?" అన్నాను.

షోరూములోకి అడుగుపెట్టగానే అమ్మాయి కళ్ళు ఒక ఎర్రబండి మీద పడ్డాయి. ఎత్తుగా, కండలు తిరిగిన వస్తాదులా నిలబడి ఉంది. టై కట్టుకున్న సేల్స్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి దాని వేగం, పికప్పు, పెయింటు గుక్కతిప్పుకోకుండా చెప్పుకొచ్చాడు. మా ఆయన పెయింటు దగ్గర కరిగిపోయాడు.

అన్నయ్య మాత్రం, "అమ్మడూ, ఎక్కి కూర్చో. పాదాలు ఆనుతున్నాయా?" అన్నాడు.

"మునివేళ్ళు ఆనుతున్నాయి మామయ్యా."

"వానలో, గుంట పక్కన, వెనకాల లారీ హారన్ కొడుతుంటే మునివేళ్ళ మీద నిలబడతావా? పాదం మొత్తం ఆనాలి. దిగు." సేల్స్ కుర్రాడి వైపు తిరిగాడు. "బాబూ, ఓ చెయ్యి వెయ్యి. పడేద్దాం."

"ఏంటి సార్?"

"బండిని. పడితే ఈ పిల్ల లేపగలదో లేదో చూడాలి కదా."

కుర్రాడు హాస్యమనుకుని నవ్వాడు. అన్నయ్య అప్పటికే భుజం ఆనించాడు. కుర్రాడి నవ్వు ఆగిపోయింది. మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు.

"కొనకుండా పడేయడానికి వీల్లేదు సార్!"

"కొన్నాక పడేస్తే మా బావగారు ఊరుకోరండీ. అందుకే ముందే."

మమ్మల్ని ఎంతో మర్యాదగా గుమ్మందాకా సాగనంపారు. గుమ్మం దాటాక తలుపు గడియ పెట్టిన చప్పుడు కూడా వినిపించింది. పక్క వీధిలో రెండో షోరూముకు వెళ్ళేసరికి మా కీర్తి మాకంటే ముందే అక్కడికి చేరింది. వాచ్‌మన్ చేతులు అడ్డం పెట్టి, "అయ్యా, పడేసేది మీలో ఎవరు?" అని అడిగాడు. మా ఆయన, నేను, అమ్మాయి ఒక్కసారిగా అన్నయ్య వైపు చూశాం. "మీ ముగ్గురూ రావచ్చు" అన్నాడు.

చివరికి పాత బళ్ళు అమ్మే ఆయన దగ్గర తేలాం. రేకుల షెడ్డు, నేలంతా నూనె మరకలు, స్టూలు మీద టీ తాగుతున్న పెద్దాయన. అన్నయ్య ముందే చెప్పేశాడు.

"నేను పడేసి చూసే రకమండీ."

"పడేసుకోండి" అన్నాడాయన టీ గుటకేసి. "ఇక్కడున్నవన్నీ ఎప్పుడో ఒకప్పుడు పడినవే. ఎన్నడూ పడలేదని ఎవడైనా అమ్మితే వాడి దగ్గర మాత్రం కొనకండి."

అన్నయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకు తన మనిషి దొరికాడు.

మూలన ఒక చిన్న నీలం బండి ఉంది. ఒక లెక్కల టీచరమ్మ బడికీ ఇంటికీ నడిపిందట. అన్నయ్య ముందుగా ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు. "చల్లగానే ఉంది. మంచిది. ముందే వేడి చేసి ఉంచితే ఎంత ముసలి బండైనా కుర్రదానిలా లేస్తుంది" అన్నాడు. కిక్కు కొట్టమన్నాడు. అది కాసేపు గొణిగి అందుకుంది. చక్రం తిప్పి వంకర ఉందేమో చూశాడు, గొలుసు లాగి చూశాడు, బ్రేకు నొక్కి బండిని ముందుకు తోయమన్నాడు. దీని సామాన్లు ఏ వీధిలోనైనా దొరుకుతాయా అని అడిగాడు. ఇదంతా కళ్ళజోళ్ళ కోసం వచ్చే మెకానిక్కుల దగ్గర పోగుచేసుకున్న విద్య. వాళ్ళు తమకు తెలియని అద్దాల గురించి అడుగుతారు, ఈయన తనకు తెలియని ఇంజన్ల గురించి అడుగుతాడు.

అమ్మాయి ఎక్కి కూర్చుంది. రెండు పాదాలూ నేలమీద హాయిగా ఆనాయి. దాని ముఖంలో ఎర్రబండి ఇంకా కనిపిస్తూనే ఉంది కానీ, భుజాలు మాత్రం కిందికి దిగాయి. ఊపిరి పీల్చుకుంది.

"ఇక పడేద్దాం" అన్నాడు అన్నయ్య.

పెద్దాయన గోనెసంచులు పరిచాడు. ఇద్దరూ కలిసి బండిని వాటిమీద ఒరిగించారు. "ఇది పడటం కాదు, పడుకోవడం" అని అన్నయ్య అసంతృప్తిగా గొణిగాడు. అమ్మాయి హ్యాండిల్ పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. కదల్లేదు. మళ్ళీ లాగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"చేతుల్తో కాదే! దానికి వీపు ఆనించి కూర్చో. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి సీటు కింద. ఇప్పుడు కాళ్ళతో లే. వెనక్కి నడువు."

మా అమ్మాయి లేచింది. దానితోపాటు బండీ లేచింది. పిల్ల వెనక్కి తిరిగి, తాను నిలబెట్టిన బండిని చూసుకున్న చూపు ఇప్పటికీ నా కళ్ళముందుంది. ఎర్రబండి ఆ క్షణంలోనే దాని ముఖంలోంచి వెళ్ళిపోయింది.

"ఇదే కావాలి నాన్నా" అంది.

ఇంటికొచ్చాక అసలు కష్టాలు మొదలయ్యాయి. ఆ పెద్దాయన అమ్మేముందు కొత్త రంగు వేయించినట్టున్నాడు, బండి అద్దంలా మెరుస్తోంది. మా ఆయన దాన్ని కంటికి రెప్పలా చూసుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున తుడుస్తాడు, సాయంత్రం తుడుస్తాడు, మధ్యలో ఆఫీసు నుంచి ఫోన్ చేసి నీడలో ఉందా అని అడుగుతాడు. తాళం చెవి అమ్మాయి చేతిలో పెడుతూ, "చూడమ్మా, దీనిమీద ఒక్క గీత పడిందంటే..." అనేవాడు. ఆ వాక్యం ఎప్పుడూ పూర్తిచేసేవాడు కాదు. చివర్లో నిట్టూర్చేవాడు.

దాంతో పిల్ల బండిని నడపడం మానేసి మోయడం మొదలుపెట్టింది. ఇరుకు సందు వస్తే దిగి తోసుకెళ్ళేది. కాలేజీకి చేరేసరికి చెమటతో తడిసిపోయేది. నేను వీధి మలుపు దగ్గర నిలబడి చూశాను. దాని చూపు రోడ్డు మీద కంటే ట్యాంకు మీదే ఎక్కువగా ఉంది.

ఆ ఆదివారం అన్నయ్య వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగి అమ్మాయి బండిని బయటికి తీయడం చూశాడు. లోపలికి రాలేదు, మంచినీళ్ళు కూడా అడగలేదు. "అమ్మడూ, కొంచెం పక్కకి జరుగు" అన్నాడు. మా ఆయన చేతిలో తుడుపుగుడ్డతో చూస్తుండగానే, స్టాండు మీదున్న బండిని రెండు చేతులతో ఒక్క తోపు తోశాడు.

ధడేల్!

ట్యాంకు మీద బారెడు గీత. బ్రేకు పిడి కొన వంగింది. ముందు సిగ్నల్ లైటు పగిలి ముక్కలైంది. మా ఆయన నిట్టూర్చనైనా లేదు, మెట్టుమీద కూలబడ్డాడు.

"బావగారూ, ఇదేం పని?"

"చూశానండీ. బండి గట్టిదే" అన్నాడు అన్నయ్య, చొక్కా దులుపుకుంటూ.

చాలా రోజులు మా ఆయన అన్నయ్యతో మాట్లాడలేదు. అన్నయ్య వస్తే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. అన్నయ్య ఆ పేపరు వెనక పేజీ చదువుకుంటూ కూర్చునేవాడు. నాకూ ఒళ్ళు మండింది. కానీ మర్నాటి నుంచీ అమ్మాయి సందుల్లో దిగడం మానేసింది. చూపు రోడ్డు మీద పెట్టి, వీపు నిటారుగా, దర్జాగా వెళ్ళేది.

వానలు పట్టాక ఒక మధ్యాహ్నం మా ఆయన ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఆ మాటలు తర్వాత ఆయనే నాకు అప్పజెప్పాడు.

"నాన్నా, పడ్డాను. మలుపులో ఇసక ఉంది, చూసుకోలేదు. బండి మళ్ళీ గీసుకుపోయింది. చెయ్యి నొప్పిగా ఉంది. నువ్వు రా."

ఆయన ఆటో ఎక్కి వెళ్ళాడు. బండి గురించి అడగడానికి అలవాటుకొద్దీ నోరు తెరిచాడట. కానీ ట్యాంకు మీద బావగారి గీత పక్కనే కొత్త గీత కూడా ఉంది, ఏది ఎవరిదో తేల్చుకోలేకపోయాడట. ఇక విచారణకు ఏముంది? "ఎక్కడమ్మా నొప్పి?" అన్న మాటే బయటికొచ్చింది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, మణికట్టులో ఎముక చిట్లిందనీ, వెంటనే తీసుకొచ్చారు కాబట్టి సరిపోయిందనీ, బెణుకేలే అని దాచి తిరిగి ఉంటే వంకరగా అతుక్కునేదనీ చెప్పింది. నర్సు కావాల్సిన పిల్ల చెయ్యి అది.

నేను మర్నాడు అన్నయ్య కొట్టుకెళ్ళాను.

"అన్నయ్యా, నిజం చెప్పు. బండి ఎందుకు పడేశావు?"

ఆయన అద్దం తుడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పాడు. "నాకు మొదటి కళ్ళజోడు కొన్నప్పుడు నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు. నాన్న నా ముక్కుమీద పెట్టి, 'ఇది పగిలిందంటే...' అని ఆపేశాడు. ఆ మిగతా మాట ఏమై ఉంటుందా అని నాకు నిద్రపట్టేది కాదు. ఆ వారమే పగిలింది. జేబులో దాచేసి, కళ్ళు బాగయ్యాయని చెప్పాను. ఆ ఏడాదంతా నల్లబల్ల మీద మాస్టారు ఏం రాశాడో నాకు తెలియదు. మొద్దబ్బాయి అని వెనక బెంచీలో కూర్చోబెట్టారు."

"నాన్న కొట్టేవాడా ఏంటి? ఆయన చీమను కూడా అదిలించేవాడు కాదు!"

"ఆ సంగతి నాకు పెద్దయ్యాకే తెలిసింది. అప్పుడే తెలిసుంటే లెక్కలైనా వచ్చేవి."

అంతలో ఒకావిడ చిన్నపిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. అన్నయ్య బుల్లి గులాబీరంగు కళ్ళజోడు తీసి, తుడిచి, తల్లి చూస్తుండగా టప్పున వదిలాడు. తల్లి కెవ్వుమంది. పిల్ల బిగుసుకుపోయింది.

"చూశారామ్మా, మొదటిసారి నేనే పడేశాను" అన్నాడు అన్నయ్య. "ఇక మీ పాప పడేస్తే కొత్తేం కాదు. ఏమ్మా బుజ్జీ, పడితే దాచిపెట్టకు. పట్టుకొచ్చి నాకివ్వు, బిగించిస్తాను."

పిల్ల మెల్లగా నవ్వింది. నేను ముక్కు చీదుకుని, ఆ సంగతి బయటపడకుండా, "మరి ఆ రోజు దిండెందుకు పడేశావు?" అని అడిగాను.

"అది అలవాటైపోయిందే" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర ఈ కథంతా మా ఆయనకు చెప్పాను. విని చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే అన్నయ్య ఇంటికి వెళ్ళి ఆయన్ను వెంటబెట్టుకొచ్చాడు.

కట్టు విప్పాక, డాక్టరమ్మ సరేనన్న రోజున అమ్మాయి బండి బయటికి తీసి, "మామయ్యా, ఎక్కు. అలా తిరిగొద్దాం" అంది.

అన్నయ్య ముఖం పాలిపోయింది. అప్పుడు బయటపడింది అసలు రహస్యం. ఆయన జన్మలో మోటార్ సైకిల్ ఎక్కలేదు! ఎక్కడికైనా నడిచే వెళ్ళేవాడు, మాకెవరికీ ఎప్పుడూ అనుమానం రాలేదు.

"నాకెందుకే ఇవన్నీ..." అని నసిగాడు. మా ఆయన ఆయన్ను నడుం పట్టుకుని ఎత్తి వెనక సీటు మీద కూర్చోబెట్టాడు, హెల్మెట్టు తెచ్చి ఆయన తలకు పెట్టి బిగించాడు. అన్నయ్య కళ్ళు గట్టిగా మూసుకుని అమ్మాయి భుజం పట్టుకున్నాడు.

"మెల్లగా! మెల్లగా వెళ్ళవే! మీ అమ్మకు నేనొక్కణ్ణే అన్నయ్యని!"

బండి కదిలింది. వీధిలో జనం తలుపుల్లోంచి తొంగిచూశారు. మా ఆయన గేటు మీద వాలి, నేను మెట్టుమీద నిలబడి చూస్తున్నాం. మలుపు తిరిగి కనుమరుగయ్యారు. కాసేపు అరుపుల్లేవు. తర్వాత పక్కవీధిలోంచి అన్నయ్య గొంతు వినిపించింది.

"ఏమే అమ్మడూ, దీనికింతకంటే వేగం లేదా?"