వినిపించని చివరి దెబ్బ

మిరపకాయల టిక్కీ, అదే బస్తా, తూకం వేయిస్తుంటే దగ్గు తెర వచ్చింది. రుమాలు మీద ఎర్రగా కనబడితే కారం అంటుకుందనుకుని దులిపాను. దులిపితే పోలేదు.

ఎనభైల్లో సంగతి. గుంటూరు మిరప యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాని నేను. సీజన్లో అక్కడ దగ్గనివాడు ఉండడు. అందుకే రెండు నెలలుగా దగ్గుతున్నా ఘాటు మీదకి నెట్టేశాను.

నాకున్న వ్యసనం ఒక్కటే, ఇంగ్లీషు రాక్ పాటలు. బ్రాడీపేటలో ఒక కొట్టతను క్యాసెట్లు నింపి ఇచ్చేవాడు. వాటిలో రెండు పాటలు నాకు ప్రాణం. డ్రమ్స్‌తో మొదలయ్యే పాటని టేప్ రికార్డరు కొన్నరోజు పెడితే, నాన్న చర్చి నుంచి వచ్చి ఇంట్లో ఏం పగిలిందని అడిగారు. రెండోది గిటారుతో నెమ్మదిగా సాగి, సింబల్ అనే ఇత్తడి తాళం మీద సన్నటి దెబ్బతో ఆగుతుంది. అమ్మ పోయిన ఏడాది నేనూ కరుణక్కా రోజూ మాట్లాడుకోకుండా విన్న పాట అది. ఆ దెబ్బ పడగానే అక్క లేచి అన్నం వడ్డించేది.

రుమాలు చూసి ఆసుపత్రికి లాక్కెళ్లింది కూడా అక్కే. ఎక్స్‌రే తీశారు, మూడు రోజులు కఫం తీసి స్పుటమ్ పరీక్ష చేశారు.

"పాజిటివ్ అండి, టీబీ. నయమవుతుంది. కానీ ఒక్క పూట కూడా మందు మానకూడదు" అన్నారు డాక్టరుగారు.

గుప్పెడు మాత్రలు, రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్. కూర్చోవడానికి సూది పొడవని చోటు మిగల్లేదు గానీ నెల తిరిగేసరికి దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. చెవుల్లో మాత్రం కీచురాయి దూరినట్టు ఒకటే రొద. నీరసం అనుకున్నాను.

ఒకరోజు రెండో పాట పెడితే చివరి దెబ్బ లేదు. క్యాసెట్ అరిగిందని కొట్టతనితో పోట్లాడి మళ్లీ రికార్డు చేయించాను. టేప్ రికార్డరు హెడ్డు స్పిరిట్‌తో తుడిచాను. అలా రెండు వారాలు పోయాయి. ఇంజెక్షన్ మాత్రం రోజూ వేయించుకుంటూనే ఉన్నాను.

ఆదివారం పాట నడుస్తుండగా అక్క వంటింట్లోకి వెళ్లడానికి లేచింది. దెబ్బ పడకుండానే లేచావేంటక్కా అన్నాను.

అక్క నన్ను తేరిపార చూసింది. "పడిందిరా" అంది.

మర్నాడే ఆసుపత్రికి వెళ్లి చెవి రొద సంగతంతా చెప్పాను.

వినికిడి తేల్చే ఆడియోగ్రామ్ తీయించాక డాక్టరుగారు ఇంజెక్షన్ ఆపి వేరే మందు రాశారు. "ఈ ఇంజెక్షన్ కొందరికి వినికిడి దెబ్బతీస్తుంది. రొద మొదలైన రోజే చెప్పాల్సిందండి. పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకుందాం" అన్నారు.

ఏడాదిన్నర మాత్రలు మింగాను. స్పుటమ్ నెగటివ్ వచ్చింది. కొట్టతనికి క్షమాపణ చెప్పుకున్నాను. ఇప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుని అదే యార్డులో పనిచేస్తున్నాను. మాటలు వినిపిస్తాయి, సన్నని చప్పుళ్లు అందవు. అందుకు బాధ లేదంటే అబద్ధం.

నేను చెప్పేది ఒక్కటే. మందు వాడుతుండగా ఒంట్లో ఏ చిన్న తేడా వచ్చినా కారణం మీరే ఊహించుకోకండి, మందు మీ అంతట మీరు ఆపకండి, ఆ రోజే డాక్టరుకి చెప్పండి. నేను మొదట మిరపకాయల్ని తిట్టాను, తర్వాత క్యాసెట్‌ని.

ఆదివారాలు ఆ పాట ఇప్పటికీ పెట్టుకుంటాం. చివరికొచ్చేసరికి అక్క నా మణికట్టు మీద వేలితో ఒక్కసారి తట్టి, అన్నం వడ్డించడానికి లేస్తుంది.