వెనకాల దుంగ పట్టిన మనిషి

పాత బండి కొనడమంటే మా అన్నయ్యకు ముందు దాన్ని కొట్టడం. రావులపాలెంలో హైవే పక్కన సెకండ్ హ్యాండ్ బళ్లు అమ్మే చోటికి వెళ్లీ వెళ్లగానే ఒక పికప్ డోరు మీద పిడికిలితో గుద్దాడు, బానెట్ మీద అరచేత్తో చరిచాడు, వెనక రేకును కాలితో తన్నాడు. మోత వింటే బండి ఎక్కడ గుద్దుకుందో, ఎక్కడ పుట్టీ పూసి దాచారో తెలిసిపోతుందంటాడు. నిజమే కావచ్చు. కానీ మొరాయించిన మోటారునూ, మొండికేసిన గేదెనూ, నన్నూ ఆయన అదే చేత్తో కొడుతూ వచ్చాడు. ఆ చప్పుడు వింటే నా వీపు దానంతటది బిగుసుకుపోతుంది.

నాకప్పటికే మీసం నెరిసింది. అయినా దెబ్బలు ఆగలేదు. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే కాబట్టి ఊళ్లో ఎవరూ తప్పు పట్టేవారు కాదు. మా ఆవిడ మాత్రం ఆ పొద్దున్న నాకు టిఫిన్ పెడుతూ, "ఇంకెన్నాళ్లు తింటారండీ ఈ దెబ్బలు?" అని అడిగింది. ఈ ఏడాది గోదావరి మధ్య లంకలో ఉన్న మా తోటలో అరటి దిగగానే వేరు పడతానని ఆమెకు మాటిచ్చాను. తోట ఆయన ఉంచుకుంటాడు, బండి నేను తీసుకుంటాను, కిరాయిలు తిప్పుకుని బతుకుతాను. అందుకే ఆ రోజు కొనబోయే బండి నాకు వట్టి బండి కాదు. ఆయన చెయ్యి అందనంత దూరం వెళ్లడానికి నాకున్న దారి అదొక్కటే.

మాకు సరిపడేవి రెండు కనబడ్డాయి. ఒకటి నీలం రంగుది, కొత్త పెయింటుతో తళతళలాడుతోంది. రెండోది బూడిద రంగుది, ఒంటి నిండా గీతలు. అన్నయ్యకు నీలంది నచ్చింది. నేను దాన్ని నడిపి చూశాను. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలు, ఫస్ట్ గేరు ఊడి న్యూట్రల్లోకి వచ్చేస్తోంది. పక్కన కూర్చున్న బ్రోకరు, లివర్ మీద చెయ్యి వేసి ఉంచితే ఊడదని తేలిగ్గా తేల్చేశాడు.

దిగి అన్నయ్యకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది వద్దు, గేరు నిలవడం లేదు, బూడిద రంగుది చూద్దామన్నాను. బ్రోకరు నవ్వాడు. "తమ్ముడుగారికి ఇంకా చెయ్యి తిరగలేదండి," అన్నాడు.

ఆ నవ్వుకి అన్నయ్య నన్ను కొట్టాడు. బ్రోకరును కాదు, నన్ను. చెంప మీద పడిన దెబ్బకి చెవి గుయ్యిమంది. పక్క బడ్డీ దగ్గర టీ తాగుతున్నవాళ్లు గ్లాసుల్లోకి చూసుకున్నారు. దాచుకోవడమెందుకు, ఆ క్షణంలో ఆయన చచ్చిపోతే బాగుండుననిపించింది.

మా వైపు ఏ బండినైనా కొనేముందు ఏటిగట్టు ఎక్కించి చూస్తారు. లంకలో నరికిన గెలలు పడవ మీద రేవుకొస్తాయి. వాటిని బండికెత్తి, నిట్రంగా ఉన్న బాట మీదుగా గోదావరి గట్టు పైకి చేర్చాలి. బరువుతో గట్టెక్కిన బండే మాకు పనికొచ్చే బండి. ఎక్కుతున్నంతసేపూ ఒక మనిషి తుమ్మ దుంగ పట్టుకుని వెనక చక్రం పక్కనే నడవాలి. బండి జారితే చక్రం కింద దుంగ తొయ్యాలి. ఆ పనికి కూలీలు ఎవరూ ఒప్పుకోరు, మేమూ పెట్టం. ప్రాణం మీదికొస్తే దుంగ వదిలేసి పక్కకు దూకడం ఎవరికైనా సహజం. అప్పుడు డ్రైవరు బండితో సహా ఏట్లోకి పోతాడు. అందుకని డ్రైవరుకు అయినవాడే దుంగ పట్టాలి. నాకెప్పుడూ అన్నయ్యే పట్టేవాడు. అది మామూలు సంగతే అనుకున్నాను తప్ప, అదేమిటని ఒక్కనాడూ ఆలోచించలేదు.

అన్నయ్య పట్టుబట్టడంతో నీలం బండినే మా రేవుకు తోలుకొచ్చాను, బ్రోకరూ వెంట వచ్చాడు. ముందురోజు పడిన వానకి బాటంతా ఒండ్రు బురద. ఏట్లో అప్పటికే వరద ఎర్రనీళ్లు దిగాయి. గెలలెత్తించి నీలం బండిలో కూర్చున్నాను. చెంప ఇంకా మండుతోంది. అద్దంలో అన్నయ్య, లుంగీ ఎగ్గట్టి, కుడిచేత్తో దుంగ పట్టుకుని వస్తున్నాడు. కొంచెం వెనగ్గా బ్రోకరు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

సగం గట్టు ఎక్కామో లేదో చక్రం గోతిలో పడి లేచింది. లివర్ నా చెయ్యి విదిలించుకుని ఊడిపోయింది. ఇంజను ఊరికే అరిచింది. బ్రేకు తొక్కాను, హ్యాండ్ బ్రేకు లాగాను. చక్రాలు ఆగాయి గానీ బండి ఆగలేదు, బురద మీద అలాగే వెనక్కి జారింది. గెలలన్నీ వెళ్లి వెనక డోరుకు గుద్దుకున్నాయి. అద్దంలో ఏరు పెద్దదవుతోంది. "అన్నయ్యా, తప్పుకో!" అని గొంతు చిరిగేలా అరిచాను. ఇందాక చచ్చిపోతే బాగుండునని నేననుకున్న మనిషినే.

ఆయన తప్పుకోలేదు. వంగాడు, అద్దంలోంచి మాయమయ్యాడు. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

దిగి చూస్తే దుంగ చక్రం కిందే ఉంది. దుంగకీ టైరుకీ మధ్య ఆయన కుడిచెయ్యి ఉంది. అరవడం లేదు. పళ్లు బిగించి, ఎడంచేత్తో టైరును దబదబా బాదుతున్నాడు. రేవులో మనుషులు పరిగెత్తుకొచ్చి గెలలు కిందికి విసిరేసి, జాకీ పెట్టి బండిని ఎత్తారు. బయటికొచ్చిన చేతిలో వేళ్లు వేళ్లలా లేవు. నెత్తురు అరటి గెలల మీద కారుతోంది.

బ్రోకరు వెనకనుంచి, "చెయ్యి లివర్ మీదే ఉంచమన్నాను కదండి," అన్నాడు.

అంతవరకూ నేను ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. అతని కాలరు పట్టుకుని బురదలోకి లాగాను. నోటి మీద గుద్దాను. అతను గొడుగు అడ్డం పెట్టుకుంటే దాన్ని విరిచి అవతల పారేసి మళ్లీ గుద్దాను. నా పిడికిలి చీరుకుపోయింది, అతని పెదవి చీలింది, అయినా నాకు చాలలేదు. పట్టుకోబోయినవాళ్లను తోసేశాను. నెత్తురంటిన ఆ దుంగే తీసి అతని తల మీదికెత్తాను.

బురదలో కూర్చుని చేతికి తువ్వాలు చుట్టుకుంటున్న అన్నయ్య అప్పుడు నోరు విప్పాడు.

"ఒరే, వద్దురా. చెయ్యి పాడైపోద్ది."

పైకెత్తిన నా చెయ్యి చూసుకున్నాను. అవే పొట్టి వేళ్లు, అదే మోటు మణికట్టు. చిన్నప్పటినుంచీ నా మీద పడిన చెయ్యే అది. నాకు అసహ్యమేసింది, ఏడుపూ వచ్చింది. దుంగ కింద పారేశాను.

ఆయనకు రెండు వేళ్లు తీసేశారు. మిగిలినవి ముడుచుకోవు, ఇక పిడికిలి పడదు. ఆసుపత్రి నుంచి వచ్చాక బూడిద రంగు బండి కొన్నాం. ఎంచింది నేనే. అన్నయ్య దాన్ని కొట్టలేదు, తన్నలేదు, దూరంగా నిలబడి చూశాడు. అరటి దిగాక మా ఆవిడకు ఇచ్చిన మాట ప్రకారం వేరు పడ్డాను. ఆ చెంపదెబ్బను నేను క్షమించలేదు, క్షమించమని ఆయనా అడగలేదు.

ఇప్పుడు నేను చాలామంది రైతులకు కిరాయికి తోలుతున్నాను. రేవులో గెలలెత్తే రోజు ఎలా తెలుస్తుందో గానీ, నేను బండి స్టార్ట్ చేసేసరికి ఆయన వచ్చి, ఎడంచేత్తో దుంగ పట్టుకుని వెనక చక్రం పక్కన నిలబడతాడు. ఇద్దరం మాట్లాడుకోం. ఆయన అద్దంలో కనబడేదాకా నేను గేరు వెయ్యను.