గోడ అవతల ఉపవాసం

నా చిన్నప్పుడు ఒక వేసవిలో నాలుగు రోజుల పాటు మా ఇంటిల్లిపాదీ ఒక గోడకు భయపడ్డాం. ఇప్పుడు చెబుతుంటే నా మనవరాలు నవ్వుతుంది కానీ, ఆ నాలుగు రోజులూ మేము హాల్లో ఒంటరిగా కూర్చోలేదు. కువైట్‌లో, సాల్మియాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల మా ఫ్లాట్ ఉండేది. ఆ గోడ మా హాలుకు ఎడమ వైపుది. దాని అవతల ఒక అరబ్బు కుటుంబం. ఎండలు ముదరగానే ఇంటికి తాళం పెట్టి ఏదో చల్లని దేశానికి వెళ్ళి, బడులు తెరిచే నాటికి తిరిగొచ్చేవారు. ఆ ఏడు కూడా వాళ్ళ సూట్‌కేసులు లిఫ్టులో దిగడం నేనే చూశాను. కాబట్టి ఆ గోడ అవతల ఎవరూ లేరన్నది మాకు ఖాయంగా తెలిసిన సంగతి.

నాకు తొమ్మిదేళ్ళు. నాన్న ఒక కంపెనీలో గుమాస్తా, అమ్మ ఇంట్లోనే ఉండేది. ఇక్కడి జూలై మధ్యాహ్నాలు చూసినవాళ్ళకే తెలుస్తాయి. వీధిలో మనిషి ఉండడు, పిల్లులు కూడా కార్ల కిందకు దూరి కనిపించవు. పట్టపగలే ఊరంతా ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంటుంది. అలాంటి ఒక మంగళవారం అమ్మ లోపల నిద్రపోతుంటే నేను ఆ గోడకు ఆనుకుని సండే స్కూలు వాక్యం బట్టీ పడుతున్నాను. మా సండే స్కూలు శుక్రవారం జరిగేది, ఎందుకంటే ఇక్కడ సెలవు ఆ రోజే. తట్టేవాళ్ళకు తలుపు తీయబడుతుందన్న వాక్యం అది. తప్పు లేకుండా చెబితే పెన్సిలు డబ్బా ఇస్తామన్నారు.

అప్పుడు నా వీపు వెనక గోడ చప్పుడు చేసింది. రెండు దెబ్బలు. నేను వెనక్కి తిరిగి, వేలి కణుపులతో రెండు కొట్టాను. రెండు బదులొచ్చాయి. మూడు కొడితే మూడు. నాకు భయం వేయలేదు సరికదా, ఎంతో సరదాగా అనిపించింది. మా ఇంట్లో నాతో అంతసేపు ఆడినవాళ్ళు లేరు. మధ్యలో నేను మంచినీళ్ళకు వెళ్ళొస్తే అది నా కోసం ఆపకుండా కొడుతూనే ఉంది.

అమ్మ లేచాక ఆనందంగా చెప్పాను. ఆవిడ నమ్మక గోడకు చెవి పెట్టింది. సరిగ్గా ఆ క్షణంలోనే మా బాత్రూం గాలి కిటికీలోంచి ఒక మూలుగు వినిపించింది. సన్నగా, పొడుగ్గా సాగింది. మనిషిదో జంతువుదో తెలియలేదు. అమ్మ నా చెయ్యి పట్టి హాల్లోంచి లాగేసింది. “నువ్వెందుకు బదులు కొట్టావే? ఎన్నిసార్లు కొట్టావే?” అని అడిగింది. అదే మొదటిసారి నాకు ఒళ్ళు జలదరించింది. భయం గోడలోంచి రాలేదు, అమ్మ ముఖంలోంచి వచ్చింది.

సాయంత్రానికి మా ప్రార్థన కూడిక వాళ్ళు వచ్చారు. అంతా గోదావరి జిల్లాల వాళ్ళే. డ్రైవర్లు, వంటవాళ్ళు, ఇద్దరు నర్సులు. మా కూడిక పెద్దాయన మంచివాడే కానీ గొంతు పెద్దది, అనుమానం తక్కువ. ఎన్ని కొడితే అన్నే బదులొచ్చాయా అని నన్ను అడిగి, అవునంటే తల పంకించాడు. ఖాళీ ఇంట్లో చేరిన దురాత్మ చిన్నపిల్లను మచ్చిక చేసుకుంటోందని తేల్చాడు. బుధవారం నుంచి మూడు రోజులు ఉపవాస ప్రార్థన అన్నారు. గోడ మీద నూనెతో సిలువ గుర్తు పెట్టారు. అమ్మ వంటింట్లోని వాక్యాల క్యాలెండరు తెచ్చి దానికి అడ్డంగా తగిలించింది.

బుధవారం పెద్దాయన గోడ మీద అరచెయ్యి ఆనించి, వెళ్ళిపొమ్మని యేసు నామంలో గద్దించాడు. గోడ ఊరుకోలేదు. ముందెన్నడూ లేనంతగా ధనధనా మోగింది. క్యాలెండరు ఊగింది. నామం వినేసరికి ఎలా రెచ్చిపోతోందో చూడండని ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. అది ఇంకా గట్టిగా కొట్టింది. అమ్మ ఏడ్చింది. మేం పాటలందుకున్నాం, తంబురీను వాయించాం, ఆ చప్పుడులో ఈ చప్పుడు వినపడకుండా పోయే దాకా.

గురువారం నాతో కూడా ప్రార్థన చేయించారు. మొదట పలకరించింది నన్నే కాబట్టి నేనే తెంచుకోవాలట. గోడ మీద నా చెయ్యి పెట్టించారు. దాని నోరు మూయించు ప్రభువా అని నేను మనస్ఫూర్తిగా అడిగాను. నా అరచేతి కింద, చాలా మెల్లగా, రెండు దెబ్బలు తగిలాయి. నేను చెయ్యి తీసేసుకున్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం దుమ్ము తుఫాను లేచింది. మూడు గంటలకే ఆకాశం మొదట పసుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత కాలిన ఇటుక రంగుకు తిరిగింది. లైట్లు వేసినా గది మసకగానే ఉంది. కిటికీ సందుల్లోంచి సన్నటి ఇసుక లోపలికి రాలుతోంది. గోడ దాదాపు ఆగిపోయింది. గంటకోసారి, గోరుతో గీకినట్టు ఒక చప్పుడు, అంతే. దురాత్మ బలం ఉడిగిపోయిందని, మన ఉపవాసం ఫలించిందని అందరూ చేతులెత్తి స్తోత్రాలు చెప్పారు. ఉపవాసం విడవడానికి అమ్మ బిర్యానీ పొయ్యి మీద పెట్టింది.

అప్పుడొచ్చింది మా పెద్దమ్మ, తలగుడ్డ నిండా దుమ్ముతో. అమ్మకు అక్క. ఒక అరబ్బు ఇంట్లో పన్నెండేళ్ళుగా పని చేస్తోంది. రెండు వారాలకోసారి, శుక్రవారం ఒక పూట సెలవు. కూడికలో కూర్చోగానే కునుకు తీసేది కాబట్టి ఆవిడ భక్తి మీద మా వాళ్ళకు పెద్ద నమ్మకం లేదు. జరిగినదంతా తలా ఒక ముక్క చెప్పారు. పెద్దమ్మ వాళ్ళ మాట పక్కన పెట్టి నన్ను దగ్గరకు పిలిచి, ఎప్పుడెప్పుడు కొట్టింది, ఎక్కడ కొట్టింది, పైనా కిందా అని అడిగింది. కింద, నా నడుమెత్తులో అన్నాను.

పెద్దమ్మ క్యాలెండరు తీసి పక్కన పెట్టింది. పెద్దాయన వద్దన్నాడు.

“దెయ్యమైతే గోడలోంచి వొచ్చేద్దిగా అన్నయ్యా. దానికి తట్టాల్సిన కర్మేంటి? బయటికి రాలేనోళ్ళే తడతారు,” అంది పెద్దమ్మ.

చేతికందిన బిర్యానీ గరిటెతో రెండు దెబ్బలు కొట్టింది. జవాబు లేదు. అందరం నిలబడిపోయాం. ఇసుక అద్దాలకు తగిలి సుయ్యిమంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ రెండు కొట్టింది. చాలాసేపటికి, గోడ అడుగున, ఒక్కటి. రెండోది కొట్టే ఓపిక లేనట్టు మధ్యలో జారిపోయింది.

పెద్దమ్మ గరిటె కింద పడేసింది. “ఈ గోడెనకాల బాత్రూం ఉంటది. పనోళ్ళ బాత్రూం. ఈ బిల్డింగులన్నీ ఒకటే తీరు, నేను రోజూ కడిగేది అలాంటిదే. లోపలెవరో ఉండిపోయారు. లెగండి!”

నాన్న లేచాడు కానీ గడప దగ్గర ఆగాడు. ఆయన భయం నాకిప్పుడు అర్థమవుతుంది. పరాయి వాళ్ళ ఇల్లు, అందులో ఇంటివాళ్ళు లేని ఇల్లు. తలుపు పగలగొట్టి లోపల ఎవరూ లేకపోతే పోలీసులు వస్తారు, వీసా ఇచ్చిన కఫీల్ దాకా పోతుంది, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రద్దు చేసి మమ్మల్నందరినీ విమానం ఎక్కిస్తారు. పెద్దమ్మకైతే ఆ పూట ఆలస్యమైతేనే పని పోవచ్చు. కింది నుంచి బిల్డింగు కాపలాదారు హారిస్‌ను పిలుచుకొస్తే, అతను మమ్‌నూ, మమ్‌నూ అంటూ చేతులు అడ్డంగా ఊపాడు. యజమాని అనుమతి లేకుండా కుదరదన్నాడు. యజమాని ఏ దేశంలో ఉన్నాడో అతనికే తెలియదు.

అప్పుడు పెద్దమ్మ ఆ క్యాలెండరు తీసి నాన్న చేతిలో పెట్టింది. ఆ నెల వాక్యం నేను బట్టీ పట్టినదే.

“తట్టినోళ్ళకి తలుపు తీస్తానని ఆయన చెప్పాడంటారు కదా మరిదిగారూ. ఎవరిచేత తీయిస్తాడనుకున్నారు?”

నాన్న ఆ కాగితం వంక చూశాడు. ఏం జరిగినా తన పేరే చెప్పమని హారిస్‌తో అరబ్బీలో అన్నాడు. హారిస్ కాసేపు తల గోక్కుని, యల్లా, పదండి అంటూ ఇనప కడ్డీ తెచ్చాడు.

తలుపు ఊడింది. నేను అమ్మ చెయ్యి విడిపించుకుని వెనకే దూరాను. ఆ ఇల్లు ఇప్పటికీ నా కలలోకి వస్తుంది. సోఫాలకు, బల్లలకు దుమ్ము పడకుండా తెల్లదుప్పట్లు కప్పి ఉన్నాయి. తెరల వెనక ఆకాశం ఎర్రగా ఉంది, ఆ ఎరుపు దుప్పట్ల మీద పడుతోంది. వంటింటి గట్టు మీద సగం తాగిన టీ గ్లాసు, పైన ఎండిన మీగడ. మా అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. బాత్రూం తలుపు పిడి బయటి వైపు బాగానే ఉంది, తిప్పితే తిరగలేదు. మళ్ళీ కడ్డీ పెట్టారు.

ఒక నడివయసు మనిషి గోడకు తల ఆనించి నేల మీద పడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ మగ్గు. లోపలి పిడి ఊడి పక్కన పడి ఉంది. ఇల్లు చూసుకోమని యజమానురాలు వదిలి వెళ్ళిన పనిమనిషి ఆమె. సోమవారం సాయంత్రం నుంచి అక్కడే ఉంది. పగలు కుళాయిలో నీళ్ళు మసిలిపోతాయి కాబట్టి తెల్లవారుజామున బకెట్ నింపి, చల్లారాక తాగి ప్రాణం నిలుపుకుంది. గాలి కిటికీలోంచి అరిచి అరిచి గొంతు పోయింది. మేము విన్న మూలుగు ఆ గొంతే. మేము మూడు రోజులు ఆకలితో ప్రార్థన చేస్తున్నామని గర్వపడుతుంటే, జానెడు గోడ అవతల ఆమె నాలుగు రోజులుగా పస్తులుంది.

పెద్దమ్మ బిర్యానీ ముట్టనివ్వలేదు. అన్నం ఉడికించి, గంజి వార్చి, చిటికెడు ఉప్పు వేసి, ఆమె తల ఒడిలో పెట్టుకుని చెంచాతో పట్టింది. పెద్దాయన దూరంగా నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అంబులెన్సు వచ్చేలోగా ఆమెకు కొంచెం మాట వచ్చింది. రాయచోటి మనిషి, ముస్లిం. పెద్దమ్మ తెలుగు విని కళ్ళు తెరిచింది.

“మొదట్రోజు యవురో సన్నబిడ్డ బదులు కొట్న్యాడక్కా. రెండు కొడితే రెండు. ఇంగ బతికితిని అనుకుంటి. మల్లా కొట్టలే. యాడికి పోయినాడో ఆ బిడ్డ.”

నేను అక్కడే, మూడు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నేనే అని చెప్పలేకపోయాను. నా అరచెయ్యి లంగాకు రుద్దుకుంటూ ఉండిపోయాను.

ఆమె బతికింది. మా నాన్న ఇఖామా ఎక్కడికీ పోలేదు. ఆమె యజమానురాలు ఫోనులో ఏడ్చి, తిరిగొచ్చాక ఖర్జూరాల డబ్బాతో మా ఇంటికి వచ్చింది. పెద్దమ్మ తర్వాతి కూడికలో కూడా హాయిగా కునుకు తీసింది, ఎవరూ ఏమీ అనలేదు. పెన్సిలు డబ్బా నాకే వచ్చింది. వాక్యం తప్పు లేకుండా చెప్పాను మరి. ఆ డబ్బాను నేను ఎన్నడూ వాడలేదు.

పెళ్ళయ్యాక మళ్ళీ ఈ ఊరే వచ్చి పడ్డాను. ఇప్పుడు శుక్రవారం సండే స్కూలు చెప్పేది నేనే. పాటలు అయ్యాక, ప్రార్థనకు ముందు, ఏసీ ఆపించి ఒక్క నిమిషం ఊరికే కూర్చుంటాను. పిల్లలకు ఉక్కపోస్తుంది, గొణుగుతారు. నేను దేవుణ్ణి వింటున్నాననుకుంటారు. నిజానికి నేను గోడలను వింటాను. పక్క ఫ్లాట్‌లో ఎవరైనా మేకు కొట్టినా సరే, రెండు దెబ్బలు వినిపిస్తే నా వేళ్ళు వాటంతటవే లేచి రెండు కొడతాయి. అంతటితో ఆగను. చెప్పులు వేసుకుని వెళ్ళి బెల్లు కొడతాను. అందరూ క్షేమమేనా అని అడుగుతాను. చాలాసార్లు వాళ్ళు నన్ను పిచ్చిదానిలా చూస్తారు. చూడనీ. ఆ బిడ్డ ఎక్కడికి పోయిందని అడిగిన ఆమెకు, ఇదిగో ఇక్కడే ఉన్నానని ఇలాగైనా చెప్పుకుంటున్నాను.